రాకెట్ ఇక్కడిదే, ఫర్నేస్ ఏదీ?

చంద్రయాన్-3 చంద్రుడిపై దిగిన ఆగస్టు 23 వచ్చిందంటే తిరుపతిలో ఎటు చూసినా విక్రమ్ ల్యాండర్ ఫ్లెక్సీలే. శ్రీహరికోట మన జిల్లాలోనే ఉందని ప్రతి వక్తా గుర్తుచేస్తాడు. 2040కల్లా చంద్రుడిపై మనవాడు అడుగుపెడతాడంటాడు. అక్కడ ఏం పీల్చి బతకాలో తేల్చే పరిశోధన చేస్తానని ఓ అమ్మాయో అబ్బాయో ముందుకొస్తే మాత్రం ఫెలోషిప్ కోసం నెలల తరబడి పడిగాపులే. జేఆర్ఎఫ్‌ను (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌ను) 2023లో రూ.37 వేలు చేశామంటే సరా? అది నెలనెలా ఖాతాలో పడొద్దూ?

చంద్రుడి మట్టి బరువులో నలభై శాతానికి పైగా ఆక్సిజనే. కాకపోతే ఖనిజాల్లో బిగుసుకుపోయి ఉంటుంది. ఇనుము, టైటానియం ఉండే ఇల్మనైట్ ఖనిజాన్ని 900 డిగ్రీలు దాటించి హైడ్రోజన్ పంపితే నీరొస్తుంది, దాన్ని విడగొడితే ఆక్సిజన్. కానీ చంద్రయాన్-3 దిగినచోట ఉన్నది అనార్థొసైట్ (కాల్షియం, అల్యూమినియం ఎక్కువుండే లేతరంగు రాయి) తరహా నేల. అందులో ఇల్మనైట్ తక్కువ. కరిగిన కాల్షియం క్లోరైడ్‌లో 950 డిగ్రీల దగ్గర విద్యుద్విశ్లేషణ వంటి దారులు వెతకాలి. ల్యాబు ఫర్నేస్ నడుస్తుండగా మధ్యలో కరెంటు పోతే ఆ లవణం గడ్డకడుతుంది. మళ్లీ కరిగించబోతే ఉబ్బి క్రూసిబుల్‌ను, అంటే కరిగించే పాత్రను, పగలగొడుతుంది. యూపీఎస్ అడిగితే ‘ఈ ఏడాది నిధులు అయిపోయాయి’ అన్న జవాబు. ఫ్లెక్సీలకు మాత్రం ఎన్నడూ అయిపోలేదు.

ప్రయోగాలకు చంద్రుడి మట్టిని పోలిన నమూనా మట్టి చేసేందుకు రాయి దొరకదా? చంద్రయాన్-2 పరీక్షలకు ఇస్రో వాడింది తమిళనాడులోని నామక్కల్ జిల్లా సిత్తంపూండి రాయినే. చిత్తూరు నుంచి ఒక పూట ప్రయాణం. కష్టమంతా తర్వాతే. ఆ రాయిని ఉక్కు గుండ్లతో పొడిచేసే బాల్‌మిల్లులో రుబ్బితే గుండ్లు అరిగి ఇనుము కలుస్తుంది, లెక్కలు తప్పుతాయి. జిర్కోనియా (గట్టి పింగాణీ లాంటి పదార్థం) గుండ్లు కొనాలి. 110 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఆరబెట్టి వెంటనే సీల్ చేయకపోతే నవంబరు ముసురులో పొడి తేమ లాగేస్తుంది. తర్వాత వ్యాక్యూమ్‌లో బయటపడే ‘చంద్రుడి నీరు’ అచ్చంగా తిరుపతి వాననీరే!

సీమ దాహం తీరకుండా చంద్రుడి నీళ్లెందుకనేవారున్నారు. సరైన ప్రశ్నే. మరి ఫ్లెక్సీలు కట్టిన రోజు అదెందుకు గుర్తురాలేదు?

అమెరికాలో కొలరాడో స్కూల్ ఆఫ్ మైన్స్ 2018 నుంచే అంతరిక్ష వనరులపై పీజీ చదువు చెబుతోంది. నాసా వారి మోక్సీ పరికరం అంగారకుడి గాలి నుంచి 122 గ్రాముల ఆక్సిజన్ తీసి చూపింది. మన పిల్లలు అటే విమానమెక్కుతారు. అప్పుడు దేశభక్తి లేదని తిట్టేదీ ఈ వక్తలే, అదే మైకులో. వచ్చే ఆగస్టులోగా ఆ ల్యాబులో యూపీఎస్ బిగించండి. అదీ చేతకాకపోతే వేదికెక్కకండి.