మా గేటుకు వేలాడుతున్న టు-లెట్ బోర్డు గారికి

గౌరవనీయులైన టు-లెట్ బోర్డు గారికి,

వెనక పోర్షన్‌లో అద్దెకుండేవాడు నమస్కరించి రాయునది.

మీకు గుర్తుందో లేదో, మన తొలి పరిచయం ఒక మంగళవారం సాయంత్రం. చేతిలో పాల ప్యాకెట్టుతో సందు తిరిగేసరికి మా గేటుకు మీరు వేలాడుతున్నారు. మన బిల్డింగులోనే ఏదో పోర్షన్ ఖాళీ అవుతున్నట్టుందే అని సంబరపడి, రేణిగుంట నుంచి రోజూ బస్సులో తిరిగే మా బావమరిదికి మీ ఫోటో తీసి పంపించాను. 'ఎవరు ఖాళీ చేస్తున్నారు బావా?' అని వాడు అడిగాడు. కనుక్కుందామని మేడ మీదికి వెళ్లాను. మా ఓనరు మర్యాదస్తుడు. కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, ఖాళీ చేస్తున్నది నేనేనని చెప్పారు.

ఆ కాఫీలో చక్కెర సరిపోయింది. అది కూడా చెప్పాలి.

మీ మీద నాకు కోపం లేదు. దగ్గరికొచ్చి చూస్తే జాలేస్తుంది. అడుగున్నర రేకు ముక్క. ముందు వైపు పసుపు రంగు మీద ఎర్ర అక్షరాలు, వెనక ఏదో పాత సబ్బు ప్రకటన, అందులో సగం మొహం తుప్పు పట్టిన అమ్మాయి. ఫోన్ నంబరులో చివరి రెండు అంకెలు కొట్టేసి పైన మళ్లీ రాశారు. కేబుల్ టీవీ వైరుతో కట్టారు. మీ నడుమ ఒక అక్షరం ఇరికించి నవ్వుకునే పిల్లల జోకు ఈ సందులో మూడు తరాల నుంచి నడుస్తోంది కాబట్టి దాని జోలికి నేను పోను.

1130 ఫిబ్రవరి 24న రామానుజాచార్యులు పునాది వేసిన ఊరని తిరుపతికి ఇప్పుడు పుట్టినరోజు కూడా చేస్తున్నాం. కానీ అద్దె సంగతి అంతకంటే పాతది. స్థలపురాణం చూడండి. శ్రీనివాసుడు కొండ మీద ఉండటానికి వరాహస్వామిని నూరు అడుగుల చోటు అడిగాడు. చేతిలో పైసా లేదు. తర్వాత పెళ్లికే కుబేరుడి దగ్గర అప్పు చేయాల్సి వచ్చిన సంగతి అందరికీ తెలుసు, ఆ వడ్డీ ఇప్పటికీ తీరలేదంటారు. అలాంటి అద్దెదారుడిని వరాహస్వామి ఆధార్ జిరాక్సు అడగలేదు, అడ్వాన్సు అడగలేదు. తొలి దర్శనం, తొలి నైవేద్యం తనకు జరిగితే చాలన్నాడు. ఇప్పటికీ అదే మాట మీద నడుస్తోంది. ఏటా పది శాతం పెంచింది లేదు, 'మా అబ్బాయి అమెరికా నుంచి వస్తున్నాడు' అన్నది లేదు. అంతకు ముందు స్వామి పుట్టలో ఉన్నాడు. ఆ పుట్టకు మీరు వేలాడి ఉంటే పురాణం ఇంకోలా ఉండేది.

మాకు మాత్రం 11 నెలల అగ్రిమెంటు. పదకొండే ఎందుకండీ అంటే ఏడాదైతే రిజిస్ట్రేషన్ గోల అంటారు. ఏడుకొండల వాడి ఊళ్లో మా సంవత్సరానికి ఒక నెల తక్కువ.

ఓనరు లెక్క సూటిగానే ఉంది. "నీ పోర్షన్‌కు నెలకు ఎనిమిది వేలు వస్తా ఉండాది నాయనా. నడుమ ప్లైవుడ్డు కొట్టి రెండు రూములు చేసి యాత్రికులకు ఇస్తే, నాలుగు శని ఆదివారాలకే దానికి రెట్టింపు. నువ్వే చెప్పు." ఆయనకూ మేడ కట్టిన బ్యాంకు లోను ఉంది, కంతులు కట్టాలి. లెక్కలో తప్పు ఎక్కడుందో ఆ రోజు నాకు తోచలేదు.

తప్పు పట్టుకున్నది సందు మొదట్లో ఉన్న కిరాణా అన్న.

ఆయన దగ్గర పొడుగాటి ఖాతా పుస్తకం ఉంది. అట్ట మీద పసుపు, కుంకుమ, కాస్త నూనె మరక. ఇంటికో పేజీ. పేర్లుండవు. 'నీలం గేటు', 'టీచరమ్మ', 'లడ్డు కౌంటరు', 'మూడో మేడ మిషను'. ఒక రాత్రి షట్టరు సగం దించి ఆ పుస్తకం నా ముందు తెరిచాడు. రెండేళ్లలో పదకొండు పేజీల మీద అడ్డగీత. అన్నీ నెలకో బియ్యం మూట, కందిపప్పు, నూనె పట్టుకెళ్లిన ఇళ్లు. 'నీలం గేటు' వాళ్లు పోయేటప్పుడు బాకీ మొత్తం కట్టి, పాప పుట్టినరోజు చాక్లెట్లు కూడా ఇచ్చి పోయారట. ఆ పేజీలో చాక్లెట్ కాగితం ఇంకా ఉంది.

"ఇప్పుడు ఆ ఇండ్లల్లో దిగేవాళ్లు ఏం కొంటారు సామీ? నీళ్ల బాటిలు, షాంపూ ప్యాకెట్టు. కొండకు పొయ్యేవాళ్లు కందిపప్పు కొంటారా?" అన్నాడు.

గుండు చేయించుకుని దిగినవాళ్లు షాంపూ కూడా కొనరు.

ఆ తర్వాత చూస్తే అంతా అదే కథ. టిఫిన్ అక్క దగ్గర గిన్నె పట్టుకొచ్చి సాంబారు పోయించుకునే ఇళ్లు సగానికి పడిపోయాయి. టైలరన్న దగ్గర యాత్రికులు జాకెట్లు కుట్టించుకోరు కదా, మహా అయితే తెగిన బ్యాగు జిప్పు. బోర్డు గారూ, మీరు ఇంటికి తగిలారని అనుకుంటున్నారు. అంగళ్లకు కూడా తగిలారు. వాళ్ల తలుపు మీద కనబడటం లేదంతే.

అలా మా సందులో ఒక సంఘం పుట్టింది. దానికి మూలపురుషులు మీరే. టిఫిన్ అయిపోయాక పదకొండున్నరకు బల్లలు తుడిచి కూర్చునేవాళ్లం. మొదటి మూడు మీటింగులూ పేరు పెట్టడానికే సరిపోయాయి. 'అభివృద్ధి' ముందు రావాలా, 'సంక్షేమం' ముందు రావాలా అని ఇద్దరు పెద్దమనుషులు మాటలు మానేశారు. అధ్యక్ష పదవికి ఏడుగురు సిద్ధం, చందా పుస్తకం పట్టుకుని గడప గడపకూ తిరగడానికి మాత్రం ఎవరికీ తీరిక లేదు. టిఫిన్ అక్క పట్టుకుంది. పేరు ఇంకా కుదరలేదు కాబట్టి రబ్బరు స్టాంపు లేదు. స్టాంపు లేని సంఘం ఇచ్చే కాగితాన్ని ఆఫీసుల్లో ఎలా చూస్తారో మీకు తెలుసు, మిమ్మల్ని బ్యాచిలర్ చూసినట్టు.

అయినా ఒక సోమవారం అర్జీ ఇచ్చాం. గురువారానికల్లా ఫోనుకు మెసేజ్ వచ్చింది, సమస్య పరిష్కరించబడినదని. ఆడా మగా అందరం సందులోకి వచ్చి చూశాం. మీరు అక్కడే వేలాడుతున్నారు.

చట్టం చదివితే సరి అని ఒకరన్నారు. 2021 జూన్‌లో కేంద్ర క్యాబినెట్ రాష్ట్రాలకు నమూనాగా ఆమోదించిన మోడల్ టెనెన్సీ (అద్దె) చట్టంలో ఇంటికైతే రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోకూడదని, అంగడికైతే ఆరు నెలలని ఉంది. ఆ ముక్క ప్రింటు తీసి ఓనరుకు చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఓపికగా చదివి, "మోడలే కదా నాయనా" అన్నారు. మోడల్ అంటే ఆయన దృష్టిలో తిలక్ రోడ్డు బట్టల అంగళ్ల ముందు నిలబెట్టే బొమ్మ. పట్టుచీర కట్టి ఉంటుంది, మెట్లు దిగి ఇంటికి రాదు.

మెట్లంటే గుర్తొచ్చింది. సంఘంలో అసలు వేడి పుట్టింది అద్దె మీద కాదు, మెట్ల మీద. మా బిల్డింగులోనే మూడో అంతస్తు మీద రేకులేసి ఎనిమిది రూములు చేశారు. అన్నిటికీ కలిపి మెట్లు ఒక్కటే, ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకు అంటుకోవాలి. ఆ మెట్ల కిందే కరెంటు మీటర్లు, వాటి పక్కన గ్యాస్ సిలిండర్లు, వాటి మీద ఆరేసిన తువ్వాళ్లు. 2023 జూన్‌లో గోవిందరాజస్వామి గుడి దగ్గర ఫోటో ఫ్రేముల దుకాణం అంటుకుని బిల్డింగంతా మండటం చూసిన ఊరు ఇది. ఆ పొగ తలుచుకుంటే నాకు రాత్రి నిద్ర పట్టదు. కింది పోర్షన్లది ఇంకో టెన్షన్. 2021 నవంబరు వానలకు మోకాటి దాకా నీళ్లొచ్చి పోయిన గీత గోడ మీద ఉండేది. వారంలో దాని మీద సున్నం కొట్టి మిమ్మల్ని తగిలించారు. గాలీ వెలుతురూ గల ఇల్లు అని రాశారు. నీళ్లు కూడా గల ఇల్లని రాస్తే నిజం ఉండేది.

అడిగితే చేయరు, మనమే చేసుకుందామని సంఘం ఒక నిర్ణయం తీసుకుంది. చందాలు పోగేసి డ్రైనేజీ మీద సిమెంటు పలకలు పరిపించాం, నాలుగు ట్యూబులైట్లు పెట్టించాం. తోపుడు బండ్ల వాళ్లనూ కలుపుకున్నాం. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారుల ప్రతినిధులే ఉండాలని, సర్వే చేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదని నేను చదివి వినిపించాను. పూలమ్మే అక్క విని, "కమిటీలో యెయ్యకపోయినా పర్లేదు నాయనా, ఆ పలక ఊగతా ఉండాది, కింద రాయి పెట్టమను" అంది. పెట్టించాం. ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నర దాకా ఆడవాళ్లు భయం లేకుండా వచ్చి పూలు, కూరగాయలు కొంటున్నారు. టైలరన్న అంగడికి కొత్త రంగు పడింది. రెండు నెలలు మా ఛాతీలు రెండంగుళాలు పెరిగాయి.

మూడో నెల అంగళ్ల ఓనర్లందరూ అద్దె పెంచారు. 'సందు బాగుపడింది కదా' అన్నారు.

బోర్డు గారూ, ఇక్కడ మీకు చెయ్యెత్తి మొక్కాలి. మేం చందా వేసుకుని పెట్టించిన ట్యూబులైటు వెలుగులో మీరు ఇప్పుడు రాత్రిపూట కూడా దివ్యంగా కనిపిస్తున్నారు.

ఇంతలో గంగమ్మ జాతర వచ్చింది. చాటింపు వేశాక ఊరి వాళ్లు పొలిమేర దాటి రాత్రి బయట ఉండకూడదని ఆచారం. మా ఓనరు ఆ వారంలోనే ఇల్లు చూసుకున్నావా అని అడిగారు. అమ్మవారు ఊరు దాటొద్దంటుంది, అగ్రిమెంటు దాటమంటుంది. నేను ఎవరి మాట వినాలి?

దీనికి పరిష్కారం టైలరన్న చూపించాడు. బైరాగి వేషం వేశాడు. ఒళ్లంతా తెల్లగా సుద్ద పూసుకుని, మెడలో రెల్లకాయల దండ వేసుకుని, వేపమండలు పట్టుకుని వచ్చాడు. జాతరలో ఆ వేషం కట్టిన మనిషి ఎవరిని ఎంత మాటైనా అనొచ్చు, పడినవాళ్లు కోపం తెచ్చుకోకూడదు. మా గేటు ముందు నిలబడి, అడ్వాన్సు గురించి, ప్లైవుడ్డు గురించి, మెట్ల గురించి, మీ ఏడు తరాల గురించి, పత్రికల్లో రాయలేని మాటలతో పది నిమిషాలు తిట్టాడు. మూడు అర్జీల్లో మేం రాయలేనిదంతా అందులో ఉంది. ఓనరు గుమ్మంలోకి వచ్చి శ్రద్ధగా విన్నారు. భక్తితో కళ్లకద్దుకుని టైలరన్న చేతిలో యాభై రూపాయలు పెట్టి లోపలికి వెళ్లిపోయారు.

తిట్టు ఆశీర్వాదం అయిపోయింది. పని జరగలేదు.

పని జరిగింది టిఫిన్ అక్క కూతురి వల్ల. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. మీటింగులో ఎప్పుడూ ఒక్క మాట మాట్లాడలేదు. ఒక మధ్యాహ్నం మార్కర్ పెన్ను తెచ్చి, మిమ్మల్ని తిప్పి, ఆ సబ్బు అమ్మాయి తుప్పు మొహం పక్కన ఇలా రాసింది: 'పాత అద్దె 8,000. అడ్వాన్సు రెండు నెలలు. పక్కింట్లో 7,500. నీళ్లు రోజు మార్చి రోజు. మెట్లు ఒక్కటే. 2021లో మోకాటి దాకా నీళ్లు.' రాసి మళ్లీ ముందు వైపుకు తిప్పేసింది. సందులో మీ చుట్టాలు పద్నాలుగు మంది ఉన్నారు, అందరి వీపుల మీదా రాసింది. ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లకు కిరాణా అన్న ఒక్క మాటే చెప్పేవాడు, "ఎనక్కి తిప్పి చూడు సామీ" అని.

ఓనర్లు తడిగుడ్డతో తుడిచారు. మార్కర్ పోలేదు. ఇల్లు చూడటానికి వచ్చేవాళ్లు మెట్ల గురించి అడగడం మొదలుపెట్టారు. అడ్వాన్సు అంకెలు తెలుసుకుని వచ్చారు. ఒకాయన మీటర్లు చూపించమన్నాడట. పదిహేను రోజులకు మా ఓనరు నుంచి మళ్లీ కాఫీకి పిలుపు వచ్చింది. ఈసారి పదహారు మందిమి వెళ్లాం. కప్పులు చాలలేదు, స్టీలు గ్లాసులు దించారు. మీటర్ల పక్క నుంచి సిలిండర్లు తీయిస్తామన్నారు. రెండో మెట్ల మాట ఆలోచిస్తామన్నారు. నన్ను పిల్లల పరీక్షలయ్యేదాకా ఉండమన్నారు. ఏ ఏటి పరీక్షలో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ప్లైవుడ్డు ఇంకా మెట్ల పక్కన గోడకు ఆనించే ఉంది, రోజూ చూస్తున్నాను.

ఇంతకీ ఈ లేఖ ఎందుకంటే, నిన్న రాత్రి గాలివానకు మీ వైరు ఒక పక్క తెగింది. పొద్దున్నుంచి మీరు వీపు బయటికి పెట్టి, తలకిందులుగా వేలాడుతున్నారు. మిమ్మల్ని సరిచేయమని ఓనరు నాకే చెప్పారు. చేస్తాను, ఆదివారం దాకా ఆగండి. ఆఫీసుకు పోతూ సందులోకి తొంగి చూసిన మా బావమరిది గేటు ముందు మెడ వంచి నిలబడి మిమ్మల్ని మొత్తం చదివి, అక్కడి నుంచే నాకు ఫోన్ చేశాడు.

"బావా, నీళ్లు నిజంగా రోజు మార్చి రోజేనా?"

ఇట్లు,
వెనక పోర్షన్