బేరం ఆడనివాడు లెహంగా కొంటాడా?

రిసెప్షన్ లెహంగాని ఒక్క సాయంత్రం కోసం కొంటాం, ఆ తర్వాత జన్మంతా దానికి బీరువాలో ఉచితంగా చోటిస్తాం. నాది మెరూన్ రంగుది, లోపల క్యాన్‌క్యాన్ (ఘేర్ నిలబడటానికి వేసే గట్టి నెట్) ఉండటంతో ఎంత అదిమినా మడత పడదు. మధుపర్కాల జోలికీ తలంబ్రాల చీర జోలికీ వెళ్లనని ముందే మాటిచ్చి, దీన్ని మాత్రం ఆన్‌లైన్‌లో అమ్మేస్తానంటే అత్తయ్యగారు "పెళ్లి బట్టలు అమ్ముకుంటారా ఎవరైనా" అని ఒక పూటంతా మూతి ముడుచుకున్నారు. సాయంత్రానికి "ఎంతొస్తుందేమిటి?" అన్నారు.

నలభై రెండు వేలు పెట్టి కొన్నది. బేరం ఆడితే పదకొండుకి దిగొచ్చులే అని 15,000 పెట్టాను. బాల్కనీలో దండేనికి వేలాడదీసి ఫోటోలు, కింద అంచు దగ్గర రాళ్లు ఊడిన చోటు క్లోజప్‌తో సహా.

టీ చల్లారేలోపే మెసేజ్. "హాయ్ డియర్, ఐటమ్ వర్కింగ్ కండిషన్‌లో ఉందా?"

లెహంగా వర్కింగ్ కండిషనేమిటో, ప్లగ్గులో పెట్టి చూడాలా ఏమిటో అర్థం కాలేదు. ఉంది అన్నాను. "ఫైనల్ ఓకే, 15,000కి నేను తీసుకుంటాను" అన్నాడు. మా ఆయన మొహం వెలిగిపోయింది గానీ అత్తయ్యగారి మొహం మాత్రం మాడిపోయింది.

"బేరం ఆడలేదా? బ్లౌజు కొలత అడగలేదా? కుట్టు లోపల ఎంత గుడ్డ వదిలారో కూడా అడగలేదా? వీడెవడో గానీ లెహంగా కోసం రాలేదే అమ్మాయ్."

తర్వాత అసలు కథ. తాను ఆర్మీలో ఉన్నాడట, పోస్టింగ్ రాజస్థాన్ బోర్డర్‌లో అట, చెల్లెలి పెళ్లట. అడక్కుండానే యూనిఫాంలో ఫోటో, క్యాంటీన్ కార్డు, ఆధార్ కార్డు వరసగా పంపేశాడు. మనవాళ్లెవరైనా ఆధార్ జిరాక్స్ ఇవ్వాలంటే దాని మీద అడ్డంగా గీత కొట్టి, ఎందుకిస్తున్నారో రాసి, సంతకం పెట్టి మరీ ఇస్తారు, ఇతను పెళ్లి శుభలేఖ పంచినట్టు పంచుతున్నాడు. ఆ ఫోటోలో ఉన్న జవాను ఎవరో పాపం, తన కార్డు ఊరూరా సోఫాలూ ఫ్రిజ్‌లూ లెహంగాలూ కొంటోందని ఆయనకి తెలుసో లేదో.

"ఆర్మీ అకౌంట్ కదా, డబ్బు రావాలంటే మీరు క్యూఆర్ స్కాన్ చెయ్యాలి. టెస్టింగ్‌కి ఒక రూపాయి పంపండి, రెండొస్తాయి." మా ఆయన పంపాడు. నిజంగానే రెండొచ్చాయి! ఇంక ఆయన్ని పట్టుకోలేకపోయాం. రెండో కోడ్ వచ్చింది, స్కాన్ చేస్తే 15,000 అని చూపించి పిన్ కొట్టమంది. వేలు అంకెల మీదికి వెళ్తుండగా అత్తయ్యగారు ఫోన్ లాక్కున్నారు. "ఒరేయ్, హుండీలో డబ్బులు వెయ్యడానికి తాళం చెవెందుకురా? తియ్యడానికి కదా తాళం!"

యూపీఐ వచ్చింది 2016లో, ఇన్నేళ్లుగా అందరూ చెబుతున్నది ఇదే, డబ్బు పుచ్చుకోవడానికి పిన్ అక్కర్లేదని. "నాకింత డబ్బు పంపు" అని యూపీఐలో మనిషికి మనిషి పంపే కలెక్ట్ రిక్వెస్టుల్ని 2025 అక్టోబర్ నుంచి ఆపేశారు గానీ, ఫోటోగా వచ్చే క్యూఆర్‌ని ఎవరాపుతారు?

అత్తయ్యగారు ఊరుకోలేదు. స్పీకర్ పెట్టించి, మా ఆయన చేత హిందీలో చెప్పించారు. "నాయనా, ఒకటి పంపితే రెండిచ్చావు. ఆ లెక్కన నువ్వు ముందు ముప్పై వేలు పంపు, మాకు ఆశ లేదు, సగం మళ్లీ నీకే ఇస్తాం." అవతల దేశభక్తి కాస్తా బూతుల్లోకి దిగింది. ఆవిడకి హిందీ రాదు, ప్రతి బూతుకీ "అచ్ఛా నాయనా, అచ్ఛా" అంటూనే ఉన్నారు. ఫోన్ పెట్టేశాక మా ఆయన మోసపు కాల్స్ మీద ఫిర్యాదులు తీసుకునే ప్రభుత్వ సైట్ సంచార్ సాథీలోని చక్షులో ఆ నంబర్ మీద ఫిర్యాదు పెట్టాడు. డబ్బు పోయి ఉంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాల్సి వచ్చేది.

ఇంకొకతను 1,500 అడ్వాన్స్ బదులు పొరపాటున 15,000 వేశానని, మిగతాది వెనక్కి పంపమని ఏడ్చాడు. బ్యాంకు మెసేజ్ అంటూ వచ్చింది చూస్తే పది అంకెల మామూలు మొబైల్ నంబర్ నుంచి! బ్యాలెన్స్ చూస్తే పైసా కదల్లేదు.

దీంతో ఇంట్లో అందరం సీఐడీలమైపోయాం. అప్పుడొచ్చింది దిల్‌సుఖ్‌నగర్ అమ్మాయి. "అక్కా, బ్లౌజు కొలత ఎంత? ఎన్నిసార్లు వేసుకున్నారు? ఆ రాళ్లు ఊడాయి కదా, తొమ్మిదికిస్తారా?" అత్తయ్యగారు "ఇదీ బేరమంటే" అని మురిసిపోయారు గానీ మా ఆయనకి మాత్రం టెన్షన్. "ఇంత పద్ధతిగా మాట్లాడుతోందంటే పెద్ద గ్యాంగే అయ్యుంటుంది."

ఆ అమ్మాయికీ మా మీద నమ్మకం లేదు. ఇదివరకెవరికో అడ్వాన్స్ పంపి పోగొట్టుకుందట, వీడియో కాల్ చేసి లెహంగా పక్కన ఇవాళ్టి పేపర్ పట్టుకోమంది. పట్టుకున్నాను, కిడ్నాపైన మనిషిలా.

జనం ఉండే చోటే కలుద్దామని అమీర్‌పేట మెట్రో స్టేషన్ అనుకున్నాం. ఆ అమ్మాయి వాళ్లమ్మనీ అన్నయ్యనీ మేనమామనీ తెచ్చుకుంది. మేము అత్తయ్యగారితోనూ, కండలున్నాడని మా ఆయన పిలిచిన పక్కింటి కుర్రాడితోనూ వెళ్లాం. ఒక్క సంచి చుట్టూ ఎనిమిది మంది నిలబడి ఒకళ్లనొకళ్లు అనుమానంగా చూసుకుంటుంటే సెక్యూరిటీ అతను రాక ఏం చేస్తాడు? "సంచిలో ఏముంది?" అన్నాడు. జిప్పు తీశాను. క్యాన్‌క్యాన్ ఒక్క ఉదుటున పైకి లేచింది. అతను రెండడుగులు వెనక్కేసి, "ఇక్కడ కాదు, కింద చూసుకోండి" అని పంపేశాడు.

కింద ఛాయ్ కొట్టు దగ్గర అత్తయ్యగారికి సరిజోడు దొరికింది. ఆ అమ్మాయి వాళ్లమ్మ ఊడిన రాళ్లకి ఒక్కోదానికీ రేటు కట్టి తగ్గించమంటే, ఈవిడ క్యాన్‌క్యాన్‌కి విడిగా ఖరీదు కట్టారు. పదకొండుకి తెగింది. వాళ్లు పంపిన స్క్రీన్‌షాట్‌ని మేము నమ్మలేదు, అకౌంట్‌లో పడ్డాకే సంచి చేతులు మారింది, అంతసేపూ సంచి ఒక హ్యాండిల్ నేనూ, రెండోది ఆ అమ్మాయీ పట్టుకునే ఉన్నాం.

అందరికీ ఛాయ్, ఉస్మానియా బిస్కెట్లు అత్తయ్యగారు ఆర్డరిచ్చారు, డబ్బు మాత్రం కొడుకునే కట్టమన్నారు. స్కాన్ చేసే ముందు ఆ క్యూఆర్ ఎవరిదో, పేరేమిటో, నిజంగా తనదేనా అని మా ఆయన ఆరా తీసేసరికి ఛాయ్ అతనికి కోపమొచ్చి, క్యాషే ఇమ్మన్నాడు.