సారు కుందేలుకు మూడే కాళ్లు

చిలక పంజరంలో కుందేలును పెట్టవచ్చని మొదట కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, నల్లగొండలో ఆ విద్యను శాస్త్రం స్థాయికి తీసుకుపోయింది మాత్రం మా వీధి సారే. సారు రిటైరైన లెక్కల టీచర్. అన్నేళ్లు బోర్డు ముందు నిలబడ్డవాళ్లకు ఎదురు ప్రశ్న అంత తొందరగా వినపడదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనుషులు మన దగ్గర ఎప్పుడూ ఉన్నారు. కాకపోతే వాళ్ల చేతికి నిజంగానే కుందేళ్లు దొరకడం ఈ మధ్యే మొదలైంది.

ఆ పంజరంలో ముందు రామచిలుక ఉండేది. చిలకను పెంచితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసవుతుందని ఎవరో సారు చెవిన వేశారు. సారు కేసులంటే భయపడే మనిషి. చిలక పోయింది, పంజరం మిగిలింది. ఖాళీ పంజరం వాకిట్లో వేలాడితే బాగుండదని సారు భార్య పిన్నమ్మ అన్నది. చేలల్లో తిరిగే చెవులపిల్లిని తెద్దామంటే దానికీ అదే చట్టం కాపలా ఉంది. దుకాణంలో అమ్మే తెల్ల కుందేలుకు ఆ బెడద లేదు. దాని పూర్వీకులది యూరప్, మన అటవీ శాఖకు దానితో పని పడదు. చట్టం వదిలిన ఆ సందులోంచి వచ్చి కుందేలు పంజరంలో పడింది.

పంజరం పొడవు అడుగున్నర. కుందేలు మూడు గెంతులైనా వరసగా వేయాలి, వెనక కాళ్ల మీద నిలబడితే చెవులు పైకప్పుకు తగలకూడదు, పది అడుగుల పొడవు, ఆరేడు అడుగుల వెడల్పు జాగా పొద్దస్తమానం దానికి అందుబాటులో ఉండాలి అని కుందేళ్ల సంగతి తెలిసినవాళ్లు చెబుతారు. ఈ మాటే సారుతో అంటే, "పది అడుగులా? మా కొడుకు హైదరాబాద్‌ల నాకిచ్చిన రూమే అంత లేదు" అన్నారు. దానికి ఎవరి దగ్గర జవాబుంటుంది?

ఆదివారం చుట్టాలొస్తే వరండాలో ప్రదర్శన ఉంటుంది. చాయ్ గ్లాసులు చేతికొచ్చాక సారు గొంతు సవరించుకుంటారు.

మొదటి అంశం సంగీతం. కుందేలు పంజరం కమ్మీని పళ్లతో పట్టి టకటక లాగుతుంది. "వింటున్నరా? తాళం తప్పదు" అంటారు సారు. చుట్టాలు తలలు ఊపుతారు. కుందేలు పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. గడ్డీ లేక, కాలు చాపే చోటూ లేక విసుగెత్తిపోయిన కుందేలుకు దొరికింది ఆ కమ్మీ ఒక్కటే.

తర్వాత డాన్స్. వెనక కాలుతో పంజరం అడుగును టప్పున కొడుతుంది. "గిది స్టెప్పు." ప్రమాదం వచ్చింది, కలుగుల్లోకి దూరండి అని కుందేలు తనవాళ్లకు చేసే హెచ్చరిక అది. ఇక్కడ ఆ ప్రమాదం లుంగీ కట్టుకుని ఎదురుగా నిలబడి చప్పట్లు కొడుతోంది. ఇంకాసేపటికి కుందేలు మూలకు నక్కి, చెవులు వీపుకు అతికించి, గుడ్లు మిటకరించి రాయిలా బిగుసుకుంటుంది. "ధ్యానంలకు పోయింది. మనుషులకన్న నయం" అని సారు వ్యాఖ్యానం.

అసలు ఘట్టం చివర్లో. తలుపు తీసి బయటికి వదులుతారు. కుందేలు సారు కాళ్ల చుట్టూ గిరగిరా తిరుగుతుంది, సన్నగా గుర్రుమంటూ. "చూసిండ్రా ప్రదక్షిణం! నా దగ్గర చదువుకున్న పోరగాండ్లకు లేని గురుభక్తి దీనికుంది!" చుట్టాల్లో ఒక పెద్దాయన కళ్లొత్తుకున్నాడు. ఆపరేషన్ చేయించని కుందేలు అలా గుర్రుమంటూ ఎవరి కాళ్ల చుట్టూ తిరిగితే వాళ్లతో జత కట్టాలని ఉబలాటపడుతోందన్నమాట. ఈ ముక్క సారుతో చెప్పే ధైర్యం మా వీధిలో ఎవరికీ లేదు. పిన్నమ్మతో అసలే లేదు. ప్రదక్షిణాలు సాగుతున్నాయి. ఒకటి వీడియో తీసి పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో పెట్టారు కూడా. కింద వరసగా దండాల బొమ్మలు. వెటర్నరీ చదివిన శిష్యుడొకడు మాత్రం చప్పుడు చేయకుండా గ్రూపులోంచి వెళ్లిపోయాడు.

"మొదట్ల మంచిగనే ఉండె, ఇప్పుడు కొవ్వెక్కింది. చెయ్యి పెడితే మీదికొస్తుంది" అని ఇప్పుడు సారు ఫిర్యాదు. ఎందుకు రాదు? కుందేలు ప్రాణం తీసే గద్ద పైనుంచే వస్తుంది, సారు చెయ్యీ పైనుంచే వస్తుంది. పైగా సరిగ్గా ముక్కు ముందున్నది దానికి కనపడదు. నేల మీద దానితో సమానంగా కూర్చుని, అదే దగ్గరికి వచ్చేదాకా ఆగాలంటే సారుకు మోకాళ్ల నొప్పులు.

తిండి సంగతి పెద్దగా చెప్పక్కర్లేదు. క్యారెట్లు, మారీ బిస్కెట్లు, పండగైతే గారె ముక్క. క్యారెట్‌లో ఉన్నది తీపి. కుందేలుకు కడుపు నిండాల్సింది గడ్డితో. వినాయకుడికి పెట్టే గరికే దీనికీ ప్రీతి. మందు కొట్టని చోటు చూసుకుంటే పానగల్లు ఉదయ సముద్రం కట్ట పొంటి ఉచితంగా దొరుకుతుంది. ఉచితమైనది పెడితే పెంపకం అనిపించుకోదు కాబట్టి క్యారెట్ కిలో చొప్పున కొంటున్నారు. తెల్లవారుజామున అది తన మెత్తటి పెంటికలు తానే తింటే 'పాడు అలవాటు' అని బెదిరిస్తారు. దాని అరుగుదల అట్లాగే ఉంటుంది, రెండోసారి తింటేనే అందులోని విటమిన్లు ఒంటబడతాయి. శుక్రవారం షాంపూతో తలంటు కూడా ఉంది. ఆ బొచ్చు ఒక పట్టాన ఆరదు, భయానికీ చలికీ ప్రాణం మీదికి రావచ్చు. అయినా శుక్రవారం శుక్రవారమే.

మే నెలలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. రేకుల వరండాలో ఎంతుంటుందో కొలిచినవాడు లేడు. కుందేలుకు మనలాగా చెమట పట్టదు, ఒంట్లో వేడి ఎక్కువగా చెవుల్లోంచే పోవాలి. 30 దగ్గరే దానికి కష్టం మొదలవుతుంది. మనం కూలర్ ముందు కాళ్లు చాపుకుని, దాన్ని రేకుల కింద వేలాడదీసి, మధ్యాహ్నానికి అది పక్కకు ఒరిగి నోరు తెరిచి ఎగపోస్తుంటే "మంచిగ పండుకుంది" అంటాం. పండుకోలేదు, చచ్చిపోతోంది. తడిపిన గోనెసంచి, పగిలిన కుండలో సగం, గుడ్డ చుట్టిన ఐసు బాటిల్. వీటిలో ఏ ఇంట్లో లేనిదేముంది? కుందేలు పన్నెండు గంటలు ఏమీ తినకపోతే డాక్టర్ దగ్గరికి ఉరకాలి, పేగులు ఆగిపోయుండొచ్చు. "రేపటికి తింటది లే" అంటారు. రేపటికి చెత్తబండిలో వేస్తారు. పిల్లలు ఏడిస్తే ఇంకోటి కొంటారు.

ఆ పిల్లలకు రీల్స్ పిచ్చి. చెవులు పట్టి ఎత్తుతారు. నెత్తురు నరాలు నిండిన చెవులవి, పిడి కాదు. గాల్లో గిలగిలా కొట్టుకుంటే వెనక కాళ్ల బలానికి దాని వెన్నెముకే విరగొచ్చు. వెల్లకిలా పడుకోబెట్టి, అది చచ్చినట్టు ఉండిపోతే "హాయిగా నిద్రపోయింది, సో క్యూట్" అని పాట తగిలిస్తారు. గద్ద కాళ్ల మధ్య చిక్కిన జంతువు కూడా అట్లాగే ఉంటుందయ్యా! లోపల గుండె పగిలిపోతుంటుంది. దానికి లైకులు కొట్టే పెద్దలకు బుద్ధి లేదా?

చట్టం ఉంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, సెక్షన్ 11. కదలడానికి వీల్లేని ఇరుకు పంజరంలో జంతువును పెట్టడం నేరం. మొదటి తప్పుకు జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయల దాకా. మీరు సరిగ్గానే చదివారు. గడియారం సెంటర్‌లో ఇద్దరు బజ్జీలు తిని చాయ్ తాగితే అంతకన్నా ఎక్కువవుతుంది. 1960లో యాభై రూపాయలంటే ఎవరైనా జంకేవారేమో. ఇన్నేళ్లలో ఆ అంకె పక్కన ఒక సున్నా పెట్టడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. పెట్ షాపులు రిజిస్టర్ చేసుకోవాలని 2018లో నియమాలు కూడా వచ్చాయి. మీరు కొన్న దుకాణంలో ఆ కాగితం అడిగి చూడండి, జీఎస్టీ బిల్లు కావాలా అంటాడు.

కుందేలుకు తోడు లేక బెంగ అని నేను అన్నమాట ఒక్కటే సారు చెవికెక్కింది. వెంటనే ఇంకోటి తెచ్చి అదే పంజరంలో వేశారు. "ఇద్దరూ మగోళ్లే, అన్నదమ్ముల లెక్క ఉంటరు. దుకాణపాయన గ్యారంటీ ఇచ్చిండు." కుందేలు చూలు 31 రోజులు. సరిగ్గా నెల తిరిగేసరికి తమ్ముడు ఆరు పిల్లల్ని పెట్టాడు. ఈనిన రోజే మళ్లీ కట్టగలదు, వెంటనే వేరు చేయండి సార్ అని మొత్తుకున్నా సారు వినలేదు, బాలింతను మొగుడి నుంచి విడదీస్తే పాపమట. మళ్లీ నెలకు ఇంకో ఏడు. ఇదే వరసన పోతే ఏడాదికి ఎన్నవుతాయో కాస్త లెక్క వేయండి సార్ అన్నాను. సారు పంజరం వైపు ఒకసారి చూసి, కండువా దులుపుకుని లేచారు.

"గది పై క్లాసు లెక్క. నేను చెప్పింది పదో తరగతి దాకనే."