'నీళ్ళు వదలడం జరిగింది': వదిలింది ఎవరు?

2015 డిసెంబరు 1 రాత్రి అడయారు నది చెన్నై మీద విరుచుకుపడింది. చెంబరంబాక్కం చెరువు నుంచి 29 వేల క్యూసెక్కుల దాకా నీళ్ళు వదిలారు. జాఫర్‌ఖాన్‌పేట, సైదాపేట, కొట్టూర్‌పురం తెల్లారేసరికి మునిగిపోయాయి. మా పిన్ని వాళ్ళు సైదాపేటలో ఒక పాత ఇంటి మేడ మీద, టార్పాలిన్ కింద రెండు రోజులు కూర్చున్నారు. పెరంబూరులో మా ఇంటికి తీసుకొచ్చాక, కరెంటు రాగానే ఆమె మొదట అడిగింది టీవీ పెట్టమని.

తమిళ ఛానల్లో ఒక పెద్దమనిషి విలేకరికి జవాబు చెబుతున్నాడు: నీళ్ళు 'తిరందు విడప్పట్టదు', అంటే తెరిచి వదలబడ్డాయి. తెలుగు ఛానల్‌కి మార్చాను. అక్కడ 'నీటిని విడుదల చేయడం జరిగింది' అంటున్నారు. పిన్ని తడి జుట్టు తుడుచుకుంటూ, "జరగడమేంట్రా, తలుపు ఎవరో ఒకరు ఎత్తాలి కదా. ఎవరు ఎత్తమన్నారు?" అంది.

ఆ ప్రశ్న అప్పట్లో నగరమంతా అడిగింది. తర్వాత ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక కూడా ఆ నీటి విడుదలను తప్పుబట్టింది. కానీ ఆ వారం నేను చూసిన ఇంటర్వ్యూల్లో పిన్ని అడిగినంత సూటిగా అడిగినవాళ్ళు చాలా తక్కువ. విలేకరులు కూడా 'నీళ్ళు ఎందుకు విడుదలయ్యాయి?' అనే అడిగారు. నీళ్ళు వాటంతట అవే విడుదలైనట్టు. అలా అడిగితే జవాబులో వాన వస్తుంది, వాతావరణం వస్తుంది, వందేళ్ళలో చూడని వర్షపాతం వస్తుంది. మనిషి మాత్రం రాడు.

రాజకీయ ఇంటర్వ్యూల్లో మనల్ని ఒప్పించేది గొప్ప వాదనలు అనుకుంటాం. నాకు అలా అనిపించడం మానేసి చాలా కాలమైంది. అసలు పని వ్యాకరణంలో జరుగుతుంది. వాక్యంలో కర్త ఉన్నాడా, లేడా? ఉంటే ఎవరు? ముందు అది చూడాలి.

ఇంట్లో మనం మాట్లాడుకునే తెలుగు కర్తను ఇష్టపడే భాష. 'అన్నం వండబడింది' అని ఎవరూ అనరు. 'అమ్మ అన్నం వండింది' అంటాం. ఆఫీసు కాగితాలు, పేపర్లు మనకు 'చేయబడింది' అలవాటు చేశాయి. అది మరీ ఎబ్బెట్టుగా ఉందని తెలిసి 'చేయడం జరిగింది'కి మారారు. ఇప్పుడు మంత్రి నుంచి మండలాఫీసు దాకా అదే మాట. 'చర్చించడం జరిగింది', 'నోటీసులు ఇవ్వడం జరిగింది', 'లాఠీచార్జి చేయడం జరిగింది'. అందరూ దురుద్దేశంతోనే ఇలా మాట్లాడుతున్నారని అనను. చాలామందికి అది మర్యాదైన భాష అనే భ్రమ ఉంది. కానీ ఒకటి గమనించండి. రోడ్డు వేస్తే 'మేము వేశాం' అంటారు. పింఛను పెంచితే 'నేనే పెంచాను' అంటారు. అదే రోడ్డు ఆరు నెలల్లో గుంతలు పడితే 'నాణ్యతలో కొంత లోపం జరగడం జరిగింది' అని వస్తుంది. మంచి చెప్పేటప్పుడు కనిపించిన మనిషి చెడు దగ్గరికి వచ్చేసరికి వాక్యంలోంచి దిగిపోతాడు.

రెండో కిటుకు ఇంకా మెత్తనిది. తెలుగులో 'మేము' వేరు, 'మనం' వేరు. వింటున్నవాణ్ణి కలుపుకుంటే మనం, పక్కన పెడితే మేము. తమిళంలో 'నామ్', 'నాంగళ్' అని ఇదే తేడా ఉంది కాబట్టి చెన్నైలో పెరిగిన మాకు ఇది చెవికి వెంటనే తగులుతుంది. కన్నడంలో రెండింటికీ 'నావు' ఒకటే, హిందీలో 'హమ్' ఒకటే. మనకు ఉన్న ఈ సౌకర్యాన్ని నాయకులు చాలా నేర్పుగా వాడతారు. పథకం ఇచ్చింది 'మేము'. ఖజానా ఖాళీ అయింది మాత్రం 'మనకు'. 'మనం అప్పు చేయాల్సి వచ్చింది, మనమే భరించాలి' అన్నప్పుడు, ఆ అప్పు మీద సంతకం పెట్టినవాళ్ళూ, టీవీ ముందు కూర్చున్న మా పిన్నీ ఒకే గాటన కట్టినట్టు అవుతుంది. యాంకర్ అక్కడ ఆగి 'మనం అంటే ఎవరండీ?' అని అడగాలి. నేను చూసినంతలో అలా అడిగినవాళ్ళు చాలా అరుదు.

అడగకపోవడానికి వరసలు కూడా ఒక కారణం. సీనియర్ నాయకుడు యాంకర్‌ను 'తమ్ముడూ' అనో, 'చూడమ్మా' అనో పిలుస్తాడు. తమిళంలో అయితే 'తంబి'. విన్నవాళ్ళకు ఆప్యాయంగా ఉంటుంది. కానీ ఆ పిలుపుతో స్టూడియో కాస్తా ఇల్లయిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్ళను ఒకే మాట రెండుసార్లు నిలదీస్తే అది పెడసరం. అదే ప్రశ్న మళ్ళీ అడిగితే యాంకరే తల పొగరు మనిషిలా కనిపిస్తాడు, ప్రేక్షకుడి సానుభూతి నాయకుడి వైపు జరుగుతుంది. జవాబు చెప్పకుండానే ఆయన గెలిచాడు. పెద్దలను గౌరవించే మన అలవాటు నాకు ఇష్టం. అందుకే దాన్ని ఇలా అడ్డం పెట్టుకోవడం చూస్తే కష్టంగా ఉంటుంది.

అడిగేవాళ్ళ చేతిలో కూడా ఆయుధాలున్నాయి. తెలుగులో ఒక చిన్న 'ట' ఉంది. 'డబ్బు పంచారట కదా?' అంటే ఆ మాట నాది కాదు, లోకం అంటోంది అని తప్పుకోవచ్చు. చివర 'కదా' తగిలిస్తే అవతలివాడు కాదనడానికి కాస్త ఎక్కువ కష్టపడాలి. వార్తా ఇంటర్వ్యూల సంభాషణను ఏళ్ళ తరబడి పరిశీలించిన స్టీవెన్ క్లేమాన్, జాన్ హెరిటేజ్ లాంటి సామాజికశాస్త్రవేత్తలు ఈ సంగతే చెప్పారు. విమర్శను మూడో మనిషి నోట పెట్టి అడిగితే విలేకరి తటస్థంగా ఉండగలడు, గట్టిగానూ అడగగలడు. అది న్యాయమైన పద్ధతే. 'అంటున్నారు' అన్నప్పుడు అన్నది ఎవరో చెప్పగలగాలి, అంతే. కాగ్ అంటోందా, ప్రతిపక్షం అంటోందా, వాట్సాప్‌లో తిరుగుతోందా? ఆ పేరు లేకపోతే యాంకర్ వాక్యంలో కూడా కర్త మాయమైనట్టే.

ఈ ఊరి చరిత్రలోనే దీనికి పెద్ద పాఠం ఉంది. 2004లో బీబీసీ కోసం ఢిల్లీ జర్నలిస్టు కరణ్ థాపర్ అప్పటి ముఖ్యమంత్రి జయలలితను ఇంటర్వ్యూ చేశారు. విమర్శకులు ఆమె గురించి అనే మాటలు, జ్యోతిషం మీద నమ్మకం, కాళ్ళకు మొక్కే నాయకులు, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి ముందు పెట్టారు. చివర ఆయన చేయి చాపితే ఆమె అందుకోలేదు. మీతో మాట్లాడటం ఏమీ సంతోషంగా లేదని చెప్పి, నమస్తే అని ముగించారు. అప్పట్లో మా వీధిలో ఆ ఇంటర్వ్యూ చూసినవాళ్ళు రెండు జట్లయ్యారు. ఢిల్లీవాడికి బాగా బుద్ధి చెప్పిందని సగం మంది, సీఎం అంత కోపం చూపిస్తే ఎలా అని సగం మంది. ఆమె పాలన గురించి ఏం తెలిసింది అని అడిగితే ఇరువైపులా జవాబు లేదు.

దానికి ఐదేళ్ళ ముందు, 1999లో, ఆమే టీవీ ఇంటర్వ్యూ కోసం నటి సిమీ గరేవాల్ ఎదుట కూర్చున్నారు. చిన్నతనం, తల్లి, ఒంటరితనం గురించి మాట్లాడారు. అడిగితే ఒక పాత హిందీ పాట కూడా పాడారు. ఇప్పటికీ ఆ వీడియో చూసి కళ్ళు తుడుచుకునేవాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు. నా ఉద్దేశంలో ఈ రెండింటిలో ఎక్కువ ఒప్పించింది మెత్తటి ఇంటర్వ్యూయే. గట్టి ప్రశ్న వస్తోందంటే ప్రేక్షకుడు కూడా నిటారుగా కూర్చుంటాడు. మామిడిపండు ఎలా తింటారు అని అడిగితే ఎవరూ జాగ్రత్తపడరు. 2019 ఏప్రిల్లో, లోక్‌సభ ఎన్నికలు జరుగుతుండగానే, నటుడు అక్షయ్ కుమార్ ప్రధాని మోదీని ఆ మామిడిపండు ప్రశ్న అడిగిన ఇంటర్వ్యూకు రాజకీయేతర సంభాషణ అని పేరు పెట్టారు. ఎన్నికల మధ్య ప్రధాని గంటసేపు టీవీలో ఉంటే అది రాజకీయం కాకుండా ఎలా ఉంటుంది? అదే మోదీ 2007లో, గుజరాత్ ముఖ్యమంత్రిగా, 2002 అల్లర్ల గురించి థాపర్ అడుగుతుంటే మూడు నాలుగు నిమిషాలకే లేచి వెళ్ళిపోయారు. 2014లో రాహుల్ గాంధీ టీవీ యాంకర్ అర్ణబ్ గోస్వామికి ఇచ్చిన ఇంటర్వ్యూలో లేచి వెళ్ళలేదు కానీ, ఏది అడిగినా వ్యవస్థ, సమాచార హక్కు, మహిళా సాధికారత దగ్గరికే తిరిగొచ్చారు. కుర్చీలోనే ఉండి ప్రశ్న నుంచి వెళ్ళిపోవచ్చని ఆ రోజు చూశాం.

మరి ఏది మంచి ఇంటర్వ్యూ? నేను ఎప్పుడూ తిరిగి వెళ్ళేది 1997 మేలో బీబీసీ న్యూస్‌నైట్‌లో జెరెమీ పాక్స్‌మన్, బ్రిటన్ మాజీ హోం మంత్రి మైకేల్ హోవర్డ్ సంభాషణ దగ్గరికి. జైళ్ళ శాఖ అధిపతి నిర్ణయాన్ని తోసిపుచ్చుతానని మీరు ఆయన్ను బెదిరించారా? ఇదొక్కటే ప్రశ్న, దాదాపు డజను సార్లు. తర్వాత రావాల్సిన కథనం సిద్ధంగా లేక సాగదీయాల్సి వచ్చిందని పాక్స్‌మన్ తర్వాత చెప్పారు. అయినా ఆ ప్రశ్న నిర్మాణం చూడండి. అందులో 'అంటున్నారు' లేదు, విశేషణం లేదు, అరుపు లేదు. కర్త ఉన్నాడు, క్రియ ఉంది, అవునో కాదో చెప్పాలి. హోవర్డ్ తప్పించుకున్న ప్రతిసారీ ఆ తప్పించుకోవడమే జవాబుగా మారింది.

మన దగ్గర ఇది కష్టమని తెలుసు. చెన్నైలో ఏ ఛానల్ ఎవరిదో పిల్లలకూ తెలుసు. జయా టీవీ ఒక పార్టీ వైపు, కలైజ్ఞర్ టీవీ ఇంకో పార్టీ వైపు. తెలుగులోనూ అంతే, సాక్షి ఎవరిదో, టీ న్యూస్ ఎవరిదో దాచేదేమీ లేదు. దానికి తోడు ఇప్పుడు గంట ఇంటర్వ్యూలో ముప్పై సెకన్లే మన ఫోన్‌కి వస్తాయి. ఆ ముప్పై సెకన్లలో సాధారణంగా నాయకుడు విసిరిన పంచ్ ఉంటుంది. దాని ముందు అడిగిన ప్రశ్న ఉండదు. ప్రశ్న కోసేస్తే ఏ జవాబైనా తెలివైనదిలాగే ఉంటుంది. ఎవరైనా క్లిప్ పంపితే ప్రశ్నతో సహా పంపమని నేను అడుగుతున్నాను. కొందరికి విసుగ్గా ఉంది, తెలుసు.

పోయిన వానాకాలం పిన్నితో కలిసి ఒక స్థానిక ఛానల్ చూస్తున్నాను. కాలువల పూడిక గురించి ఒక ప్రతినిధి 'త్వరలో చర్యలు తీసుకోవడం జరుగుతుంది' అన్నారు. ఎదురుగా ఉన్న అమ్మాయికి ఇరవై అయిదేళ్ళు కూడా ఉండవు. గొంతు పెంచకుండా, "ఎవరు తీసుకుంటారు సార్?" అంది. ఆయన నవ్వి, సంబంధిత శాఖ అన్నారు. "ఆ శాఖలో ఎవరు సార్?" అంది. కాసేపు మౌనం. తర్వాత ఆయన ఒక ఇంజనీరు హోదా చెప్పారు, తేదీ కూడా చెప్పారు. పిన్ని లేచి వెళ్ళి గోడ మీది క్యాలెండర్లో ఆ తేదీ చుట్టూ పెన్నుతో గీసింది.