ఆరేళ్ళ పిల్లకు పడుచు సింగారం ఎందుకు?

తిరుపతి గాంధీ రోడ్డు వైపు ఫ్యాన్సీ షాపుల్లో 150, 200 రూపాయలకు దొరికే ఆడబొమ్మను పెట్టెలోంచి తీసి చూడండి. పాదాలు నేలకు ఆనవు. మడమలు పైకి లేచి, మునివేళ్ళ మీద నిలబడ్డట్టు ఉంటాయి. హైహీల్స్ తొడగడానికే అలా పోత పోశారు. పిడికెడు నడుము, ఎర్రటి పెదాలు, కనురెప్పల మీద నీలం రంగు, తొడలు కూడా దాటని స్కర్టు. ఇది కొనేది నాలుగేళ్ళ పిల్లకు.

ఈ ఊళ్ళో అమ్మానాన్నలు ఇద్దరు కలిస్తే ఈమధ్య ఈ మాట వస్తోంది. బొమ్మకున్నట్టు నాకూ లిప్‌స్టిక్ కావాలని పిల్ల మారాం చేస్తుంది. ఒకటో క్లాసు పిల్ల అద్దం ముందు పొట్ట లోపలికి పీల్చుకుని "నేను లావుగా ఉన్నానా?" అని అడుగుతుంది. వాళ్ళ టెన్షన్‌ను చాదస్తమని కొట్టిపారేయలేం. కాకపోతే మన బాధ దేని మీదో ముందు తేల్చుకోవాలి. లేదంటే అది మార్కెట్టును వదిలేసి పిల్ల మీద పడుతుంది. "అలా కూర్చోకు, ఇలా వేసుకోకు" దగ్గర ఆగిపోతుంది.

ఇలాంటి బొమ్మలకు నమూనా అయిన బార్బీ 1959లో అమెరికాలో మార్కెట్టుకు వచ్చింది. ఆడపిల్ల ఎప్పుడూ పాపాయి బొమ్మకు తల్లిగానే ఎందుకు ఆడుకోవాలి, పెద్దయితే తాను ఏమవుతుందో ఊహించుకోకూడదా అన్నది మాటెల్ కంపెనీకి చెందిన రూత్ హ్యాండ్లర్ ఆలోచన. ఆలోచన మంచిదే. కానీ ఆమె నమూనాగా తీసుకున్నది జర్మనీలో అమ్ముడవుతున్న లిల్లీ అనే బొమ్మను. పత్రిక కార్టూన్ నుంచి పుట్టిన ఆ లిల్లీని మొదట అమ్మింది పెద్దవాళ్ళకు. ఆ ఒంటి తీరే పిల్లల చేతికి వచ్చింది. 1965లో బార్బీ వ్యోమగామిగా వచ్చింది. అదే ఏడాది ఇంకో పెట్టెలో బరువు చూసుకునే మెషీన్‌తోనూ వచ్చింది. దాని ముల్లు 110 పౌండ్ల దగ్గర, అంటే దాదాపు 50 కిలోల దగ్గర ఉంటుంది. జతగా ఇచ్చిన బుల్లి పుస్తకంలో బరువు తగ్గడానికి సలహా ఒక్కటే: తినొద్దు. 2001లో వేరే కంపెనీ నుంచి పోటీగా వచ్చిన బ్రాట్జ్ బొమ్మలకు పెదాలు, కళ్ళ మేకప్ ఇంకా పెరిగాయి. విమర్శలు వచ్చీ వచ్చీ 2016లో మాటెల్ పొడుగు, పొట్టి, బొద్దు బార్బీలను తెచ్చింది.

ఆ మార్పు మన షాపుల దాకా వచ్చినట్టు లేదు. ఇక్కడ ఎక్కువగా కనిపించేవి పేరూ ఊరూ లేని నకళ్ళు. నకలు చేసినవాళ్ళు మేకప్‌ను తీసుకున్నారు, స్పేస్ సూట్‌ను వదిలేశారు. శ్రీహరికోట ఉన్న జిల్లాలో వ్యోమగామి ఆడబొమ్మ ఒక్కటి నా కంట పడలేదు.

పెద్దవాళ్ళ రూపంలో ఉన్న బొమ్మ పిల్లల చేతిలో ఉండటమే తప్పని నేను అనడం లేదు. తిరుపతి రక్తచందనం బొమ్మల జంట కూడా ఆలుమగలే కదా. గుడ్డముక్క చుట్టి, పేరు పెట్టి, పెళ్ళి చేసి, పోట్లాట పెట్టి పిల్లలు ఆడుకునేవాళ్ళు. ఆ చెక్కబొమ్మ "నన్ను చూడు, నాలా ఉండు" అనదు. కొత్త బొమ్మ పని మొత్తం అదే. బ్రిటన్‌లో ఐదు నుంచి ఎనిమిదేళ్ళ ఆడపిల్లలకు బొమ్మల కథల పుస్తకాలు చూపించి చేసిన ఒక పరిశోధన 2006లో వచ్చింది. బార్బీ చిత్రాలు చూసిన చిన్నపిల్లల్లో తమ ఒంటి మీద అసంతృప్తి, ఇంకా సన్నబడాలన్న కోరిక కనిపించాయి. మరుసటి ఏడాది అమెరికా మానసిక శాస్త్రవేత్తల సంఘం ఈ విషయం మీదే పెద్ద నివేదిక ఇచ్చింది. పిల్ల విలువను ఆమె ఆకర్షణతోనే కొలవడం, వయసుకు మించిన సొగసును పెద్దలు ఆమె మీద రుద్దడం రెండూ హానికరమే అంది. కాలేజీ విద్యార్థులతో చేసిన ఒక ప్రయోగాన్ని కూడా అందులో ప్రస్తావించారు. గదిలో ఒంటరిగా స్విమ్‌సూట్‌లో కూర్చుని లెక్కలు చేసిన అమ్మాయిలకు, స్వెటర్‌లో కూర్చుని చేసిన అమ్మాయిల కంటే తక్కువ మార్కులు వచ్చాయి. అబ్బాయిల్లో ఆ తేడా లేదు. అక్కడ వాళ్ళను చూసేవాళ్ళు ఎవరూ లేరు. అయినా ఎలా కనిపిస్తున్నానోనన్న ధ్యాస బుర్రలో చోటు తినేసింది. నా భయమంతా దాని గురించే. ఆటలో మునిగిపోవాల్సిన వయసులో పిల్ల తనను తాను బయటి నుంచి చూసుకోవడం నేర్చుకుంటోంది.

అందుకే ఇది బట్ట పొడుగు గొడవ కాదు. ఎండాకాలంలో ఆరేళ్ళ పిల్ల నిక్కరు, చేతుల్లేని బనియను వేసుకుని వీధిలో గెంతితే ఏ తప్పూ లేదు. పండగ ముందు బట్టల షాపుకు వెళ్ళండి. అదే వయసు సైజులో పట్టు లెహంగా తీస్తారు. జాకెట్టుకు వీపంతా తెరిచి తాళ్ళు కట్టి ఉంటుంది, లోపల కప్పులు కుట్టి ఉంటాయి. పాలపళ్ళు ఊడని పిల్లకు కప్పులెందుకని అడిగితే "ఇప్పుడు ఇదే మోడల్ నడస్తా ఉంది మేడం" అంటారు. ఇందులో పాశ్చాత్య సంస్కృతి ఏముంది? మన పట్టే, మన జరీనే.

తప్పంతా షాపులదీ కాదు. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో పన్నెండేళ్ళ పిల్ల పెద్దమనిషి అయితే వీధి చివర ఫ్లెక్సీ కడుతున్నాం. ఫొటోగ్రాఫర్ చెప్పినట్టు ఓరచూపులు, నడుం మీద చెయ్యి, నెమ్మదిగా తిరిగే వీడియో. వేడుక చేసుకోవడం ఇంటివాళ్ళ ఇష్టం. కానీ ఆ పిల్ల సోమవారం స్కూలుకు ఆ ఫ్లెక్సీ కింద నుంచే నడిచి వెళ్ళాలి. తోటి మగపిల్లలు, ఆటో డ్రైవర్లు, బంకు దగ్గర నిలబడ్డవాళ్ళు అందరూ దాన్ని చూసి ఉంటారు. ఆమెను ఎవరైనా అడిగారా? బొమ్మ స్కర్టు గురించి బాధపడే ఇళ్ళలోనే ఇదీ జరుగుతోంది, అదే నాకు కష్టంగా ఉంటుంది.

చట్టం వైపు కొంత ఆసరా ఉంది. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. అది చూసేది పదునైన అంచులు, ఊడిపోయే ముక్కలు, రంగుల్లో విషం. బొమ్మ పిల్లకు ఏం నేర్పుతుందన్నది ఆ గుర్తు చూడదు, చూడాలని అడగడం కూడా కష్టమే. ప్రకటనల మీద మాత్రం 2022లో కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది. పిల్లల్లో తమ శరీరం మీద చిన్నచూపు కలిగించే ప్రకటనలు ఇవ్వకూడదని అందులో ఉంది. ఫిర్యాదు చెయ్యొచ్చు. అంతకుముందు 2019 జూన్‌లో సమాచార ప్రసార శాఖ టీవీ చానళ్ళను హెచ్చరించింది. డాన్స్ షోలలో చిన్నపిల్లల చేత సినిమాల్లో పెద్దవాళ్ళు వేసిన, వయసుకు తగని స్టెప్పులు వేయించవద్దంది.

ఆ సలహా టీవీకే. మన స్కూలు యానివర్సరీలకు అలాంటిదేమీ వర్తించదు. రెండో క్లాసు పిల్లల చేత ఐటెం సాంగుకు నడుం ఊపించి, ముందు వరుసలో అతిథుల చేత చప్పట్లు కొట్టిస్తారు. తల్లిదండ్రులు లోలోపల ఇబ్బంది పడుతూ ఫోన్లో వీడియో తీస్తారు. గొడవపడితే మన పిల్లను డాన్స్‌లోంచి తీసేస్తారని భయం. ఒక్కరు అడిగితే అది నిజమే. క్లాసులో పదిమంది కలిసి ప్రాక్టీసు మొదలయ్యేలోపే హెడ్మాస్టరును పాటల లిస్టు, డ్రెస్సుల ఫొటోలు అడిగితే ఎవరినని తీసేస్తారు? జిల్లా విద్యాశాఖ కూడా 2019 నాటి ఆ సలహానే స్కూళ్ళకు ఒక సర్క్యులర్‌గా పంపవచ్చు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు.