గ్లాసులో మెదడు కడిగిన తోడల్లుడు

దేశంలో మెదడు డాక్టర్లు చాలడం లేదని వాపోయేవాళ్లు ఒక్క ఆదివారం మధ్యాహ్నం మా అత్తవారింటికి వస్తే బాగుంటుంది. మా తోడల్లుడు బ్యాంకు ఉద్యోగానికి ముందస్తు రిటైర్మెంట్ పెట్టిన దగ్గర్నించీ ఆ లోటు ఒంటిచేత్తో తీరుస్తున్నాడు. ఆయనకు డిగ్రీ లేదు గానీ లెవెల్ ఉంది. జ్ఞాపకశక్తి మాత్రలు బంధువులకి అమ్మించే గొలుసు కంపెనీలో మొన్నే సిల్వర్ నుంచి గోల్డ్ అయ్యాడు. బంధువర్గంలో ఇంకో ఆరుగురు పెద్దవాళ్లకి మతిమరుపు పట్టుకుంటే డైమండ్ అవుతాడట. అప్పుడు సింగపూర్ ట్రిప్పు కంపెనీ ఖర్చు.

మా అత్తగారికి 76. జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్ఫై ఏళ్లు సైన్సు చెప్పారు. ఏడాదిగా చెప్పిందే చెబుతున్నారు, పొయ్యి మీద పాలు మరిచిపోతున్నారు, పెద్ద మనవరాలిని చిన్నదాని పేరుతో పిలుస్తున్నారు. ఈ చివరిది నాకు తెలిసిన ప్రతి అమ్మమ్మా వయసుతో పనిలేకుండా చేసేదే. అయినా అమ్మకానికి పనికొస్తుందని మా తోడల్లుడు దాన్నీ జబ్బు లక్షణాల్లో చేర్చాడు.

ఆ రోజు భోజనాలయ్యీ కాకముందే బ్యాగు తెరిచాడు. గాజు గ్లాసు, అందులో మంచినీళ్లు, నీళ్లలో దెబ్బలకి పూసే అయోడిన్ నాలుగు చుక్కలు. నీళ్లు పలచటి డికాక్షన్ రంగుకి తిరిగాయి. “అత్తయ్యగారూ, ఇదీ ఇప్పుడు మీ మెదడు” అన్నాడు. అల్లుడు అత్తగారితో అనదగ్గ మాటేనా అని నేను తేల్చుకునేలోపే సీసాలోంచి ఒక మాత్ర తీసి, గరిటె కాడతో నలిపి, గ్లాసులో వేసి తిప్పాడు. నీళ్లు తేటపడ్డాయి. మా మరదలు చప్పట్లు కొట్టింది. ఈ గ్లాసు ఆవిడ ఎన్నో వందసార్లు చూసి ఉంటుంది, అయినా కొట్టింది. “చూశావా బావా, మురికంతా మాయం!”

అత్తగారు కళ్లజోడు సర్దుకున్నారు. గ్లాసు అందుకుని కిటికీ వెలుగుకి పట్టి చూశారు.

“ఇందులో విటమిన్ సి ఉంది బాబూ. అయోడిన్‌ని రంగులేని అయోడైడ్ చేస్తుంది, అందుకే రంగు పోయింది. అది ఎక్కడికీ పోలేదు, నీళ్లలోనే ఉంది. నిమ్మచెక్క పిండినా ఇంతే. క్లాసులో చేసి చూపించేదాన్ని.”

ఎవ్వరం నోరెత్తలేదు. కాసేపటికి ఆవిడే అందుకున్నారు: “ఇంతకీ మీరు భోంచేశారా బాబూ?”

ఆయన తిన్న కంచం ఇంకా బల్ల మీదే ఉంది. తోడల్లుడి మొహం మతాబాలా వెలిగింది. జబ్బు రుజువైపోయింది కదా మరి.

సీసా 3,450 రూపాయలు, 60 మాత్రలు, నెలకి సరిపడా. వెనక ఆవగింజంత అక్షరాల్లో ‘ఔషధంగా వాడటానికి కాదు’ అని ఇంగ్లీషులో ఉంది. 2016 నాటి ఆహార భద్రతా నిబంధనల ప్రకారం ఇలాంటి సరుకు మీద ఆ ముక్క వేసి తీరాలి. అదేమిటని అడిగితే “అది ఫార్మాలిటీ అన్నయ్యా” అన్నాడు. సీసాకి ముందువైపు శాస్త్రం, వెనకవైపు ఫార్మాలిటీ.

లోపల ఉన్నది ముఖ్యంగా గింకో అనే చెట్టు ఆకు సారం. దీని సంగతి అమెరికాలో ఎప్పుడో తేల్చారు. 75 దాటిన 3,069 మందికి, కొందరికి గింకో, కొందరికి ఉత్తుత్తి మాత్ర రోజుకి రెండుసార్లు ఆరేళ్ల పాటు ఇచ్చి చూశారు. మతి పోవడం ఇసుమంతైనా తగ్గలేదని 2008లో ప్రకటించారు. ఆ ముక్క చెబితే “అది వాళ్ల గింకో, మనది వేరు” అని జవాబు. వాళ్లేం తక్కువ తినలేదు లెండి. జెల్లీఫిష్‌లో దొరికిన ప్రోటీన్‌ని జ్ఞాపకశక్తి మాత్రగా చేసి ఏళ్ల తరబడి అమ్మారు. 2017లో ప్రభుత్వం కేసు పెడితే, జ్ఞాపకశక్తి పెరుగుతుందన్న మాట ప్రచారంలో వాడొద్దని కోర్టు గట్టిగా చెప్పేసరికి 2024 చివరికొచ్చింది. మల్టీవిటమిన్‌తో కాస్త మేలు కనబడిన పరీక్షలు లేకపోలేదు. కానీ మెడికల్ షాపులో దొరికే మల్టీవిటమిన్ అమ్మి ఎవడు సింగపూర్ వెళ్లాడు?

పోనీ, వేసుకుంటే నష్టమేముంది అంటారు. ఎనిమిది నెలలు వేసుకున్నారు మా అత్తగారు. అదీ నష్టం. ఆవిడ పన్నెండేళ్లుగా షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. ఆ మందు ఏళ్ల తరబడి వాడితే ఒంట్లో బి12 విటమిన్ పడిపోవచ్చు. పడిపోతే అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి, మతి మందగిస్తుంది. కాళ్లు తిమ్మిర్లని ఆవిడ చెబుతూనే ఉన్నారు. అదీ చెప్పిందే చెప్పడం కింద జమ కట్టాం. గ్లాసులో రంగు పోతే చప్పట్లు కొట్టిన ఇంట్లో ఒక్కరికీ ఆవిడ చెయ్యి పట్టుకుని రక్తపరీక్షకి తీసుకెళ్లాలని తోచలేదు. వాళ్లని అనడమెందుకు, నాకూ తోచలేదు. సీసా వచ్చింది కదా, చూసుకుంటున్నాంలే అనుకున్నాం. అమెరికాలో ఉన్న కొడుకు నెలనెలా డబ్బు పంపాడు, అతనూ అదే అనుకున్నాడు. వీళ్లు అమ్మేది మందు కాదండీ, మనం చేయని పని అయిపోయిందన్న భ్రమ. అది చేతిలో పెట్టి ముసలావిడ పెన్షన్ లాక్కెళ్లే మనిషిని బంధువని పిలవడానికి నాకు సిగ్గుగా ఉంది. భోజనం పెట్టి మరీ పంపించాం.

చివరికి ఆ రక్తపరీక్ష చేయించాం. బి12 బాగా తక్కువుందన్నారు. ఇంజక్షన్లు మొదలయ్యాక తిమ్మిర్లు తగ్గాయి, మాటలో కాస్త చురుకొచ్చింది. పాలు మాత్రం ఇప్పటికీ పొంగుతూనే ఉన్నాయి. అన్నీ వెనక్కి రావని డాక్టరు ముందే చెప్పాడు. ఒక చెవి సరిగ్గా వినపడటం లేదనీ అక్కడే తెలిసింది. సగం ప్రశ్నలకి ఆవిడ జవాబివ్వకపోవడానికి కారణం అదీ.

పోయిన ఆదివారం తోడల్లుడు మళ్లీ వచ్చాడు. ఎదురింటి మాస్టారు ఈమధ్య తాళాలు మరిచిపోతున్నారట, దారిలో మనల్నీ పలకరిద్దామని. అత్తగారు కాఫీ ఇచ్చారు. ఆయన లేస్తుంటే ఆగమని వంటింట్లోకి వెళ్లి, ఒక నిమ్మకాయ తెచ్చి బ్యాగులో వేశారు.

“దీంతో చేసి చూపించండి బాబూ. అంత ఖరీదు మాత్ర, అరిగిపోతుంది.”