మేకల కొట్టం మీది ఫ్లెక్సీ గారికి

గౌరవనీయులైన ‘ఉచిత కృత్రిమ కాళ్ళ పంపిణీ మహా శిబిరం’ ఫ్లెక్సీ గారికి, కావలి నుంచి బట్టలు కుట్టుకునే ఒకామె నమస్కరించి రాయునది.

ఇక్కడ మేము క్షేమం. మీ క్షేమం అడగనక్కర్లేదు, రోజూ తలెత్తి చూస్తూనే ఉన్నాను. శిబిరం ముగిసిన రాత్రి కల్యాణ మండపం గేటు దగ్గర మిమ్మల్ని చుట్టి పారేస్తుంటే మా ఆయన అడిగి తెచ్చుకున్నాడు. అప్పట్నుంచి మా మేకల కొట్టానికి పైకప్పు మీరే. రెండు కార్తీకాల వాయుగుండాలు చూశారు, ఒక్క చుక్క కారనివ్వలేదు. ఆ రోజు నెల్లూరులో నాకు దక్కినవి రెండు: ఒక కాలు, మీరు. ఇప్పటికీ పనిచేస్తున్నది మీరొక్కరే.

నా కాలు సంగతి మీకు తెలియదు కదా. షుగరు. పాదం మొద్దుబారి తుమ్మముల్లు దిగినా తెలియలేదు. తెలిసేసరికి మోకాలి కింద నుంచి తీసేయాలన్నారు. అంతే, దాని గురించి ఏడవడం అయిపోయింది.

మీ అందం గురించి చెప్పాలి. పన్నెండడుగుల పొడుగు, ఎనిమిదడుగుల వెడల్పు. మీ మీద పదకొండు మంది పెద్దలు దండం పెడుతూ నవ్వుతున్నారు. మధ్యాహ్నం పూట మేకల దగ్గర కూర్చుని చూస్తుంటే ఒకరోజు తట్టింది: పదకొండు మందిలో ఒక్కరికీ కాళ్ళు లేవు! అందరూ ఛాతీ వరకే. మీ మొత్తం మీద కాళ్ళున్నది ఒక్కడికి, కింద మూలలో స్ప్రింగు లాంటి కాలేసుకుని పరిగెత్తుతున్న తెల్లదొరకి. ఆయన ఆ రోజు మండపానికి రాలేదు. నాది టోకెన్ నంబరు 43, నన్ను మటుకు కాలు తొడిగి నిలబెట్టి నాలుగుసార్లు ఫొటో తీశారు. మొదటి మూడింట్లో ఒక పెద్దమనిషి కళ్ళు మూసుకున్నారట.

కాలుకి వంక పెట్టను. దాని పుట్టుక గొప్పది. 1968లో జైపూర్‌లో చేతిపని తెలిసిన రామచంద్ర శర్మ గారు, డాక్టర్ పి.కె. సేఠీ గారు కలిసి తయారుచేశారు. సేఠీ గారికి 1981లో మెగసెసె అవార్డు కూడా వచ్చింది. చెప్పుల్లేకుండా తిరిగే, నేలమీద బాసింపట్లు వేసుక్కూర్చునే మనలాంటి వాళ్ళని చూసి చేసిన రబ్బరు పాదం అది. బూటు అడగదు, తడిస్తే పాడవదు. పైన మొండికాలు దూర్చే సాకెట్టు నీళ్ళ పైపుల ప్లాస్టిక్కే, వేడిచేసి అచ్చు మీదికి లాగుతారు. పొద్దున కొలత, సాయంత్రానికి కాలు! నేను జాకెట్టుకే మూడు రోజులు తిప్పుతాను.

తిప్పినా ఒకటి చేస్తాను. జాకెట్టు లోపల అంగుళం గుడ్డ వదులుతాను. ఆరు నెలలకి ఒళ్ళు చేసినామె వస్తే కుట్లు విప్పివ్వాలి కదా. మొండికాలు దీనికి తలకిందులు. ఆపరేషన్ వాపు తగ్గి, వాడకం లేక కండ కరిగి, మొదటి ఏడాదిలో చిక్కిపోతూనే ఉంటుంది. కాలు అదే ఉంటుంది, మనిషి మారిపోతుంది. మూడో నెలకి ఒక మేజోడు అదనంగా తొడిగాను. ఐదో నెలకి మూడు. ఆ తర్వాత అడుగేస్తే లోపల రోకలి దంచినట్టు పైకీ కిందికీ ఆడేది. ఎముక దగ్గర చర్మం లేచింది. షుగరు మనిషికి పుండు పడితే ఏమవుతుందో నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు, ఒకసారి చూశాను. తీసి అటక మీద పెట్టేశాను.

పెట్టేముందు మీ దగ్గరికే వచ్చాను. ఎవరికైనా ఫోన్ చేద్దామని నిచ్చెన వేయించి మా పిల్లోడి చేత మిమ్మల్ని చదివించాను. పదకొండు పేర్లు, పదవులు, బిరుదులు. ఫోన్ నంబరు ఒకటే, కుడివైపు అడుగున, చీమంత అక్షరాల్లో. అది మిమ్మల్ని ముద్రించిన షాపుది. సరే, అదే చేశాను.

“అబ్బయ్యా, సైజు లూజయిందబ్బయ్యా.”

“మళ్ళీ వేద్దాంలే అక్కా. ఎన్నడుగులు కావాల?”

“ఒక్క అడుగు పడినా చాలు నాయనా.”

“ఒక్క అడుగుది వెయ్యం అక్కా, గిట్టదు.”

అబద్ధమెందుకు, శిబిరం గురించి నాతో ఓపిగ్గా మాట్లాడింది ఆ అబ్బాయి ఒక్కడే.

రాత్రి మొండికాలుని సబ్బుతో కడిగి ఆరబెట్టాలని, మేజోడు రోజూ ఉతకాలని, పొద్దున తొడిగే ముందు అద్దంలో చూసుకోవాలని తర్వాత ఒక ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. ఇంత వెడల్పున్న మీ మీద ఈ మూడు ముక్కలకి చోటు లేకపోయిందా? ఆ అమ్మాయే ఇంకొకటి నేర్పింది. లేని పాదంలో బొటనవేలు దురద పెడుతుందంటే నవ్వలేదు. తమిళనాడులో పుట్టిన డాక్టర్ వి.ఎస్. రామచంద్రన్ అమెరికాలో కనిపెట్టిన కిటుకంట: కాళ్ళ మధ్య అద్దం నిలబెట్టి, ఉన్న పాదాన్ని కదిలిస్తూ అద్దంలో చూడాలి. మెదడు రెండోది కూడా ఉందనుకుని నెమ్మదిస్తుందట. అందరికీ కుదరదని కూడా చెప్పింది. నా కొట్టులో జాకెట్లు వేసి చూసుకునే నిలువుటద్దం ఉంది. మధ్యాహ్నం షట్టరు సగం దించి, అద్దంలో మెట్టెలున్న రెండు పాదాలు చూసుకుంటాను. రబ్బరు పాదానికి మెట్టె పట్టదు, దాని వేళ్ళు గీతలే.

పింఛను ఆరువేలు వస్తోంది, కాదనను. 2025లో మళ్ళీ పరిశీలన అన్నారు. వెళ్ళి చూపించాను. మొలవలేదని రాసుకున్నారు.

అన్నట్టు, వచ్చే నెల మళ్ళీ శిబిరమట. పాతవాళ్ళకి కాలు బాగుచేయడం ఉండదట, కొత్త టోకెన్లే. ఈసారి ఫ్లెక్సీ ఇరవై అడుగులని ప్రింటింగ్ షాపు అబ్బాయి చెప్పాడు. నాకు టోకెన్ వద్దు. మీకు ఎడమ మూల చిరుగు పట్టింది, రెండు మేకలు ఈనాయి, కొట్టం చాలడం లేదు. శిబిరం అయ్యాక ఆ కొత్త తమ్ముణ్ణి ఎవరూ ఎత్తుకుపోకముందే మా ఆయనకి అప్పగించేలా ఒక మాట చెప్పండి. రింగులు ఊడకుండా విప్పమనండి.

ఇట్లు,
టోకెన్ నంబరు 43